వంటమనిషి వాటా

మా పీర్ మహమ్మద్ భాయ్ దేన్నీ నిండా నింపడు. టీ గ్లాసు ముప్పాతికే పోయించుకుంటాడు, బండి ట్యాంకు ఫుల్ కొట్టించడు. సినిమా హాల్లో డబ్బులిచ్చి కొన్న కుర్చీలో కూడా ఓ మూలకి ఒదిగి కూర్చుంటాడు. "మిగతాది ఎవరికి భాయ్?" అంటే, "వంటమనిషికి" అంటాడు.

ద్వారకా నగర్‌లో మా ఆఫీసు సర్వర్లన్నీ ఆయన చేతిలోనే ఉంటాయి. మెమరీలో ముప్పాతికే అప్లికేషన్లకి ఇస్తాడు. తక్కింది వాటన్నిటినీ నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌ది, దాన్ని ముట్టుకోనివ్వడు.

"సుట్టాలు సట్టి ఊడ్సీసి తినీస్తే వండినమ్మ పస్తు పడుకుంటాది. రేపు పొయ్యి ఎవులు ఎలిగిత్తారు?" అంటాడు.

ఆయన క్యారేజీలో కూడా పై గిన్నె ఎప్పుడూ ఖాళీయే. వాళ్లావిడ గౌసియా వదిన సర్దడం మరిచిపోయిందేమోనని మొదట్లో జాలిపడ్డాం. అదీ వంటమనిషి వాటాయేనని ఆయన చెప్పాక పడీపడీ నవ్వాం.

మొన్న శుక్రవారం కొత్తమ్మాయి నీలిమ తయారుచేసిన ఆస్పత్రి ప్రోగ్రాం క్లయింటుకి చూపించాలి. వాళ్లకి నచ్చితేనే ఆమె ఉద్యోగం నిలుస్తుంది. భాయ్ వన్‌టౌన్ మసీదుకి జుమ్మా నమాజుకెళ్లిన సందు చూసి, ప్రోగ్రాం జోరుగా నడవాలని, మెమరీ మొత్తం తన డేటాబేస్‌కే ధారపోసింది. సర్వర్ కాసేపు రయ్యిమంది. తర్వాత నత్తనడక పట్టింది. ఆపైన సరిచేద్దామన్నా లాగిన్ కూడా అవ్వలేదు. నీలిమకి ఏడుపొక్కటే తక్కువ.

భాయ్ వచ్చి చూశాడు. "వంటమనిషిని పస్తెట్టీసినావేటమ్మా!" అని మాత్రం అన్నాడు. సర్వర్ని ఆపి, మళ్లీ లేపి, డేటాబేస్ వాటా కోశాడు. ప్రోగ్రాం లేచి కూర్చుంది.

మేనేజరు శ్రీరామ్మూర్తిగారు పరిగెత్తుకొచ్చి, "ఎవరి పనిది?" అని గద్దించారు.

"సర్వర్దే సార్. ఆకలికి కూలబడిపోనాది. పెట్టీసినాం."

క్లయింటు మెచ్చుకుని వెళ్లాడు, నీలిమ ఉద్యోగం నిలిచింది. ఆ హడావుడిలో ఎవరమూ భోంచెయ్యలేదు. నీలిమైతే కంగారులో క్యారేజీయే తెచ్చుకోలేదు. భాయ్ తన ఖాళీ గిన్నె తీసి, అందులో కాస్త పలావు పెట్టి, మా ముందుకి చాపాడు.

"ఏటి సూత్తన్నారు? ఎయ్యండర్రా!"

నా వంకాయ కూర, మేనేజరుగారి పెరుగన్నం, అన్నీ పడ్డాయి. ఇన్నాళ్లూ ఆ గిన్నె ఎందుకు ఖాళీగా వచ్చేదో అప్పుడు నిజంగా అర్థమైంది. ఆయన మీద నాకెంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను.

సోమవారం అందరం ఆయన్ని మెప్పించాలని, ఒకరికొకరం చెప్పుకోకుండా, కూర గిన్నెలు ఖాళీగా తెచ్చాం. మూతలు తీస్తే ఎటు చూసినా తెల్లన్నమే!

"మెమరీ ఖాళీ ఉంచీసి అప్లికేషన్నే మర్సిపోనారేటర్రా!" అని భాయ్ నెత్తి కొట్టుకున్నాడు.

ఆయన పై గిన్నె మూత తీస్తే మాత్రం అంచుదాకా చేపల పులుసు ఉంది. శుక్రవారం సంగతి విని, నీలిమ కోసం గౌసియా వదిన పంపిందట. అందరం మీదపడి అడుగంటా ఊడ్చేశాం.

"అయ్యో భాయ్, మరి వంటమనిషికో?" అంది నీలిమ.

"ముందు తను తినీసే పంపింది. మా ఇంట్లో ఆ రూలెట్టింది తనే!" అన్నాడు భాయ్, వేళ్లు నాక్కుంటూ.