మగ్గం దిగిన రోజు

ఆయన పేరు అడగలేదు. హిందూపురంలో రైలెక్కి నా ఎదుట కూర్చున్నాడు. సిపాయిగా చేరి, జనరల్‌గా నిన్ననే రిటైరయ్యాడట.

"మీ నాయన శానా సంతోషపడింటాడే," అన్నాను.

"ధర్మవరంలో చీరలు నేస్తాడప్పా. నడిమధ్యలో లేస్తే నేత తేడా వస్తాదని మగ్గం గుంతలోంచి లేయడు. ప్రమోషన్ వచ్చిందని ఎప్పుడు చెప్పినా, తలెత్తకుండానే 'మంచిదిరా, బువ్వ తిను' అనేవాడు."

పెనుకొండ దాటాక ఆయన లేచి పెట్టె దించుకున్నాడు.

ధర్మవరంలో దిగి, రెండడుగులు వేసి ఆగిపోయాడు. నేను కిటికీలోంచి చూశాను. ప్లాట్‌ఫారం మీద, చొక్కాకు పట్టుపోగులు అంటుకున్న ముసలాయన ఒకడు నిలబడి ఉన్నాడు. జనరల్ మడమలు కలిపి సెల్యూట్ చేశాడు.

"చీర సగంలో ఉండాది," అన్నాడు తండ్రి. "అయినా లేసి వచ్చినాను."