గోధుమ రంగు ఇన్‌హేలర్

కరోనా తగ్గి పిల్లల ఓపీ మళ్లీ కిక్కిరిసిన ఏడాది, వానాకాలం మొదట్లో నన్ను తిరుపతిలో ఒక ఆసుపత్రి పిల్లల వార్డుకు హెడ్ నర్సుగా వేశారు. ఆసుపత్రి పేరు ఇక్కడ అనవసరం. స్టాఫ్ నర్సుగా ఇరవై ఆరేళ్లు చేశాక దక్కిన హోదా అది. దాంతోపాటు, ఆస్తమా ఉన్న చిన్నపిల్లల తల్లులకు స్పేసర్ వాడకం నేర్పే పని కూడా నాకే అప్పగించారు. ఆ పని నాకంటే బాగా చేసేవాళ్లు జిల్లాలోనే లేరని అప్పట్లో నా నమ్మకం.

స్పేసర్ అంటే చిన్న నీళ్ల సీసా అంత ప్లాస్టిక్ గొట్టం. ఒక చివర ఇన్‌హేలర్ బిగించాలి, రెండో చివర మాస్కు ఉంటుంది. ఇన్‌హేలర్ నొక్కిన క్షణంలోనే పీల్చడం మూడేళ్ల బిడ్డకు చేతకాదు. అందుకని మందును ముందు గొట్టంలోకి వదిలి, మాస్కును ముక్కూ నోరూ మూసుకునేలా ఆనించి, పది ఊపిర్లు లెక్కపెట్టాలి. ఆయాసం వచ్చినప్పుడు వాడేది నీలం ఇన్‌హేలర్. అసలు రాకుండా రోజూ వాడాల్సింది గోధుమ రంగుది. తల్లులు చాలామంది ఈ రెండోదాన్నే మానేస్తారు, బిడ్డ ఆడుకుంటోంది కదా ఇంకెందుకని.

ఎస్తేరుది ఏర్పేడు దగ్గర పల్లె. ఒక కాలేజీ హాస్టల్ వంటగదిలో పని. మూడున్నరేళ్ల కూతురు జెస్సీని తీసుకొచ్చి ఒకే పూటలో అంతా నేర్చుకుని వెళ్లింది. మూడు వారాలకు బిడ్డ మళ్లీ డొక్కలెగరేస్తూ వచ్చింది. నెబ్యులైజర్ పెట్టి, వార్డులో చేర్చుకున్నాం. డ్యూటీ డాక్టరు మందు వాడుతున్నారా అని అడిగితే, జవాబు ఎస్తేరు కంటే ముందు నేను చెప్పాను. వాడి ఉంటే ఇలా ఎందుకు వస్తుంది సార్ అన్నాను.

"లేదు సిస్టరమ్మా, దినామూ పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు నొక్కతానే ఉండా. పది ఊపిర్లు ఏళ్లమీద లెక్కబెడతా" అని ఆమె మెల్లగా అంది.

నేను వినలేదు. బిడ్డ ప్రాణంతో ఆటలా అని వార్డంతా వినేలా కడిగేశాను. పక్కనే ఉన్న ఎస్తేరు అత్త అందుకుంది. "నేను సెప్తానే ఉండా. పనికి పోయే యావలో బిడ్డని ఇడిసిపెట్టింది" అంది. ఎస్తేరు తల వంచుకుంది. తల్లి మందు సరిగా వాడటం లేదని నర్సుల రిపోర్టులో రాసి సంతకం పెట్టాను. డాక్టరు అదే మాట కేస్ షీట్‌లోకి ఎక్కించాడు. ఇన్‌హేలర్‌ను మాత్రం ఎవరం చేతిలోకి తీసుకోలేదు.

మరో రెండు వారాలకు జెస్సీ పెదవులు నీలంగా మారి, ఈసారి ఐసీయూలోకి వెళ్లింది. మూడో రోజుకు తేరుకుంది. అప్పుడు ఎస్తేరును పిలిచి, నువ్వు చేసేది నా ముందు చేసి చూపించమన్నాను. తప్పు పట్టుకుందామనే పిలిచాను. ఆమె ఉతికిన గుడ్డలో చుట్టిన స్పేసర్ తీసింది. ఇన్‌హేలర్ బాగా కదిపి, బిగించి, మాస్కు సందు లేకుండా ఆనించి, నొక్కి, పది లెక్కపెట్టింది. మా నర్సింగ్ విద్యార్థులు కూడా అంత శుభ్రంగా చేయరు. మరి తప్పెక్కడుంది? ఇన్‌హేలర్ అందుకుని లోపలి లోహపు డబ్బాను బయటికి లాగాను. దాని మీద, శిక్షణకు మాత్రమే, మందు లేదు అని ఇంగ్లీషులో ఉంది.

చేసింది నేనే. అసలు మందు వృథా కాకూడదని, నేర్పేటప్పుడు కంపెనీవాళ్లిచ్చే డెమో డబ్బా వాడతాం. అచ్చం మందులాగే తుస్సుమంటుంది. మొదటిసారి ఎస్తేరు వచ్చిన రోజు మా డెమో ఇన్‌హేలర్ ప్లాస్టిక్ తొడుగు పగిలి ఉంది. ఆమె గోధుమ రంగు ఇన్‌హేలర్‌లోంచి మందు డబ్బా తీసి ట్రేలో పెట్టి, అందులో డెమో డబ్బా దూర్చి చూపించాను. తిరిగి మార్చడం మరిచాను. ఐదు వారాలు ఆ తల్లి లెక్క తప్పకుండా బిడ్డకు ఉత్త గాలి పట్టింది.

జరిగింది మా వార్డు చూసే పెద్ద డాక్టరు, అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు చెప్పాను. బిడ్డ బాగానే ఉంది కదా మేడమ్, ఇప్పుడు రాతల్లోకి ఎక్కిస్తే అందరికీ తలనొప్పి, డబ్బా మార్చి పంపేయండి అన్నాడు. నాకు కావలసిన మాట కూడా అదే. మందు మార్చామని మాత్రం ఎస్తేరుతో చెప్పాను.

నాలుగు నెలల తర్వాత ఓపీలో కనిపించింది. జెస్సీ ఒళ్లు చేసింది, బెంచీల మధ్య పరిగెడుతోంది. ఎస్తేరు నా చెయ్యి పట్టుకుంది.

"ఆ పొద్దు మీరు తిట్టబట్టే నాకు బుద్ధొచ్చినాది సిస్టరమ్మా. పని మానేసి బిడ్డనే సూసుకుంటాండా. నేను ముందే సరిగ్గా ఏసుంటే దానికి ఐసీయూ తప్పేది."

ఆమె తప్పేమీ లేదని చెప్పడానికి ఒక్క నిమిషం పట్టేది. వచ్చే నెల ఏ రోజు రావాలో చెప్పి, తర్వాతి పేరు పిలిచాను. ఇది రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

ఆ తర్వాత వార్డులో ఒక పద్ధతి పెట్టాను. బిడ్డకు మందు పనిచేయడం లేదంటే, తల్లిని ఒక్క మాట అనేముందు డబ్బా బయటికి లాగి చదవాలి. తల్లి చెప్పింది అబద్ధమని రాసేముందు మన చేతులు మనం చూసుకోవాలి. ఈ ఉదంతం నేర్పింది అదే. రిటైరయ్యే రోజు దాకా ఆ పద్ధతి నడిపించాను. ఎందుకు పెట్టారని అడిగిన పిల్ల నర్సులకు, ఒకసారి ఒక తల్లి పొరపాటు చేసిందని చెప్పేదాన్ని.