మెడ దగ్గర గుండీ

నోట్లో గుండుసూదులు పెట్టుకుని పనిచేయడం దులమాకు తల్లి నేర్పిన అలవాటు. చేతులు రెండూ గుడ్డ మీద ఉండాలి, కళ్లు కుట్టు మీద ఉండాలి, మరి నోరు మాత్రం ఊరికే ఎందుకుండాలి? నోట్లో సూదులున్న మనిషి మాట్లాడదు, మాట్లాడని మనిషి కొలత తప్పదు అనేది ఆ తల్లి. ఆ మాట నిజమే. అయితే ఒక్క రోజు మాత్రం ఆ సూదులే దులమాకు అడ్డం పడ్డాయి.

ఆమె పూర్తి పేరు దులమ్‌సురెన్. మంగోలియాలో గోబీ ఎడారి అంచున, గొర్రెల మందల మధ్య పుట్టింది. ఉలాన్‌బాతర్‌లో కుట్టుపని చేసింది. వర్జీనియాకు వచ్చాక ఇళ్లు తుడిచింది, నడవలేని ముసలివాళ్లకు స్నానాలు చేయించింది, చివరికి మళ్లీ మిషన్ దగ్గరికే చేరింది. ఆష్‌బర్న్‌లో ఓ షాపింగ్ ప్లాజా వెనక వరసలో వసుమతి అనే తెలుగావిడ టైలరింగ్ షాపు ఉంది. ముందున్న మిషన్ మీద వసుమతి బ్లౌజులు, లంగా ఓణీలు కుడుతుంది. వెనక మిషన్ మీద దులమా తనవాళ్లకు దేల్‌లు కుడుతుంది.

దేల్ అంటే మంగోలియావాళ్ల పొడుగు అంగీ. మెడను పట్టుకుని నిలబడే కాలరు, కుడివైపుకి మడిచి పెట్టుకునే ముందు భాగం, పక్కన గుండీలు. ఆ గుండీలు కొట్లో దొరికేవి కావు. పేటగా కుట్టిన గుడ్డ తాడును ముడి మీద ముడి వేసి, రేగు గింజలా గట్టిపడేదాకా బిగిస్తారు. వాటిని అదే గుడ్డ లూపులోకి దూర్చాలి. కొత్త దేల్‌కి మెడ గుండీ మొదటిసారి ఎప్పుడూ బిగుతుగానే ఉంటుంది. బాగా కుట్టారనడానికి అదే గుర్తు.

ఆ వసంతకాలంలో మంగోలియాలో ఎన్నికలు దగ్గరపడ్డాయి. విదేశాల్లో ఉన్నవాళ్లు కూడా పార్టీకి ఓటు వేయొచ్చు. అందుకని చుల్తెమ్‌దోర్జ్ అనే పార్లమెంటు సభ్యుడు వర్జీనియాకి బయల్దేరాడు. ఇక్కడి మంగోలియన్ సంఘం అధ్యక్షుడు ముంఖ్‌బత్‌కి ఇళ్లు అమ్మిపెట్టే వ్యాపారం, నవ్వుతూ మాట్లాడటం రెండూ బాగా వచ్చు. ఆయనే షాపుకి వచ్చి నీలం పట్టు ఇచ్చి, "ఎగ్చే, మన అతిథికి దేల్ కుట్టాలి. నువ్వే అందరి ముందూ తొడిగించాలి. ఫోటోలు బాగుంటాయి" అన్నాడు. ఎగ్చే అంటే అక్కా అని. వసుమతి కూడా ఆమెను అలాగే పిలుస్తుంది.

చుల్తెమ్‌దోర్జ్ పేరు వినగానే దులమా చేతిలో కత్తెర ఆగిపోయింది. అతనిది ఆమె పుట్టిన రాష్ట్రమే. ఆమె అన్న దంబా ఇప్పటికీ అక్కడే గొర్రెలు కాస్తున్నాడు. చలికాలం మకాం పక్కనే వాళ్ల తాత తవ్వించిన బావి ఉంది. దానికి అవతల గని వచ్చింది. గని భూమి అడుగునుంచి నీళ్లు తోడటం మొదలుపెట్టాక బావి అడుగంటింది. బావిలో నీళ్లున్నాయని జిల్లా ఆఫీసు అంటుంది. నీళ్లున్నాయి కాబట్టి గని ఆగక్కర్లేదు. కిందటి ఆకురాలు కాలంలో చుల్తెమ్‌దోర్జ్ స్వయంగా ఆ బావి దగ్గరికి వచ్చాడు. తొంగి చూశాడు. రాయి వేశాడు. రాయి రాతి మీద పడిన చప్పుడు అక్కడున్న అందరికీ వినబడింది. ఆ వారమే టీవీలో, "మా పల్లెల్లో నీటి ఎద్దడి లేదు" అన్నాడు.

దంబా ఫోన్‌లో గొంతు రికార్డు చేసి పంపాడు. గాలి హోరు మధ్య అతని మాటలు: "ఇక్కడ వాడి కారు దుమ్ము కూడా మాకు అందదమ్మా. గేటు దగ్గరే తరిమేస్తారు. అక్కడ వాడే నడుచుకుంటూ నీ దగ్గరికి వస్తాడు. బావి ఎండిందా లేదా, ఆ ఒక్క మాట నలుగురిలో చెప్పించు. ఆ తర్వాత ఆఫీసువాళ్లు కాదనలేరు."

దులమా ఆ మాటల అర్థం వసుమతికి చెప్పింది. వసుమతి మిషన్ ఆపేసింది. "అయితే అన్నగారి చేతికి అందనివాడు నీ టేపుకి అందుతాడన్నమాట. అడుగు ఎగ్చే. భయమెందుకు?"

"భయం కాదు, వసూ. మంట."

కొలతలు అతని సహాయకుడు పంపాడు. దులమా వాటి ప్రకారమే కత్తిరించింది. అతిథి కోసం సంఘం పెట్టిన సంబరం నాటి పొద్దున హోటల్ గదికి ట్రయల్ చూడ్డానికి వెళ్లింది. చుల్తెమ్‌దోర్జ్ ఆమెకన్నా చిన్నవాడు, నిండు మనిషి. చేతులు చాపి నిలబడ్డాడు గానీ చెవి దగ్గర ఫోను దించలేదు. నడుం సరిపోయింది, భుజాలు సరిపోయాయి. మెడ దగ్గరికి వచ్చేసరికి ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. పంపిన కొలత వేరు, ఎదురుగా ఉన్న మెడ వేరు. సగం వేలి మందం తేడా. సన్నగా ఉన్న రోజుల కొలత ఇచ్చారో, సన్నగా ఉన్నానని చెప్పుకోవడానికి ఇచ్చారో మరి. లూపు జరిపి కుట్టాలి. అందుకు గుర్తులు పెట్టుకోవాలి. అప్పటికి ఆమె నోటి నిండా సూదులు.

ఇదే సమయం, అడగాలి అనుకుంది. ఒక్కొక్క సూదీ తీసి మణికట్టు మీది దిండుకి గుచ్చుతుంటే సహాయకుడు తలుపు తీశాడు. "సార్, టైమైంది." చుల్తెమ్‌దోర్జ్ దేల్ విప్పి కుర్చీ మీదికి విసిరి, ఫోన్‌లో మాట్లాడుతూనే వెళ్లిపోయాడు. ఆమె ఉందన్న సంగతే అతనికి తట్టలేదు. కుర్చీ మీంచి నీలం పట్టు జారి నేల మీద పడింది.

దులమా దాన్ని ఎత్తి దులిపింది. కోపం వస్తే ఆమెకు చెవులు వేడెక్కుతాయి. తన మీద కోపం, సూదుల మీద కోపం. అన్నిటికన్నా, తన మెడకు తగ్గ బట్ట కుట్టించుకోవడానికి కూడా నిలబడలేనివాడు మనుషులకు చట్టాలు ఎలా కుడతాడన్న కోపం. మెడ లూపు జరపడానికి సరైన కొలత లేదు. ఊహించి కుట్టడం ఆమెకు చేతకాదు. ఉన్నది ఉన్నట్టే ఉంచేసి తీసుకెళ్లింది.

కౌంటీ పార్కులో గడ్డి మీద పెద్ద గెర్ వేశారు. గెర్ అంటే వాళ్ల ఉన్ని గుడారం. మధ్యలో రెండు స్తంభాలు, పైన గుండ్రటి వెలుతురు కిటికీ, తలుపుకు ఎదురుగా గౌరవ స్థానం. అక్కడ చుల్తెమ్‌దోర్జ్‌ని కూర్చోబెట్టారు. ఆయన పక్కన ఖంద్ అవ్వ కూర్చుంది. అక్కడున్నవాళ్లందరికన్నా పెద్ద. అందరూ ఆమె ముందు చేతులు చాపి నమస్కరించి గానీ కూర్చోలేదు.

వసుమతి, ఆమె భర్త చక్రపాణి ఓ పక్కన ఒదిగి కూర్చున్నారు. విందులో వెండి గిన్నె తిరుగుతుంది. గిన్నె ఎవరి చేతికి వస్తే వాళ్లు పాట పాడి తాగాలి. అందులో పులిసిన గుర్రప్పాలు పోయాలి. వర్జీనియాలో అవెక్కడ దొరుకుతాయి? వసుమతి తోడుపెట్టి చిలికిన మజ్జిగ బకెట్ నిండా తెచ్చింది.

ముంఖ్‌బత్ లేచి గొంతు సవరించుకున్నాడు. "ముందు ప్రశ్నల కార్యక్రమం అనుకున్నాం. కానీ ఇవాళ సంస్కృతి దినం. రాజకీయాలు వద్దు. అతిథికి దేల్ తొడిగిద్దాం, పాట విందాం, ఫోటోలు దిగుదాం."

జనం చప్పట్లు కొట్టారు. దులమా చెవులు మళ్లీ వేడెక్కాయి. ఓట్లడగడానికి సముద్రం దాటి వచ్చిన మనిషికి రాజకీయాలు వద్దా?

చక్రపాణి తెలుగులో గొణిగాడు. "ఏమంటున్నాడే?"

"క్వశ్చన్స్ క్యాన్సిల్ అట, పక్కావిడ చెప్పింది. ఎగ్చే మొహం చూస్తే తెలీడం లేదూ?"

"మన ఎన్ఆర్ఐ మీటింగ్‌లకీ దీనికీ తేడా ఏముంది? మనకి శాలువా, వీళ్లకి కోటు. సెల్ఫీ కామన్."

"మీరు కాస్త నోర్మూసుకుని వీడియో తీయండి."

ముంఖ్‌బత్ పిలిచాడు. దులమా దేల్ పట్టుకుని లేచింది. చుట్టూ ఫోన్లు లేచాయి. ఈసారి నోట్లో సూదులు లేవు.

మామూలుగా గుండీలు మెడ నుంచి పెడతారు. ఆమె కింది నుంచి మొదలుపెట్టింది. నడుం పక్కన ఒకటి, చంక కింద ఒకటి, రొమ్ము మీద ఒకటి. ప్రతి ముడీ మెల్లగా, శ్రద్ధగా. ఆ పనిలో ఆమె మోసం చేయలేదు. మెడ దగ్గరికి వచ్చి ఆగింది.

"సభ్యులు గారూ, నాది మీ ప్రాంతమే, గొర్రెలు కాసే దంబా చెల్లెల్ని. మా తాత తవ్వించిన బావిలోకి మీరు తొంగి చూశారు. అందులో నీళ్లున్నాయా, లేవా?"

గెర్‌లో గుసగుసలు. చుల్తెమ్‌దోర్జ్ కెమెరాల వైపు నవ్వాడు. "ఎగ్చే, మన ప్రాంతపు ఆడపడుచు! ఆ సంగతి కమిటీ చూస్తోంది."

"కమిటీని అడగలేదండీ. బావిని అడిగాను."

"కిందటేడు వానలు కూడా బాగానే..."

"వానల మాట కాదు. మీరు రాయి వేశారు. చప్పుడు విన్నారు."

ముంఖ్‌బత్ పరుగున వచ్చాడు. "చాలు చాలు! పాటకి టైమైంది, గిన్నె తెండి!" వెండి గిన్నె వచ్చింది. చుల్తెమ్‌దోర్జ్ తప్పించుకునే దారి దొరికిందని చేతులు చాపాడు.

ఖంద్ అవ్వ కర్రతో నేల మీద ఒక్కటి కొట్టింది. "అబ్బాయ్! మెడ విప్పుకుని గిన్నె అందుకుంటావా? మీ ఇంట్లో పెద్దలు నేర్పలేదా?"

అది నిజమే. గుండీలన్నీ పెట్టుకుని, అంగీ చేతులు మణికట్టు దాకా దించుకుని గానీ పెద్దల ముందు ఏదీ అందుకోకూడదు. ఆ మాత్రం మర్యాద తెలియని మంగోలు ఉండడు. పట్నంలో పెరిగి ఆ మాటే మరిచిపోయాడు అతను. మొహం ఎర్రబడింది. తనే గుండీ పెట్టుకోబోయాడు. వేళ్లు జారాయి. కాలరు మెడను పట్టి ఉంది, ముడి లూపులోకి వెళ్లడం లేదు. ముంఖ్‌బత్ ప్రయత్నించాడు. వెళ్లలేదు. పిల్లలెవరో కిసుక్కుమన్నారు.

"పొద్దున ఇంకాసేపు నిలబడి ఉంటే జరిపి కుట్టేదాన్ని" అంది దులమా. "ఇప్పుడు నా చేతికి తప్ప లొంగదు. చెప్పండి. మాట చెప్పగానే పెడతాను."

అందరి ఫోన్లూ అతని మెడ వైపే. ఎవరూ నవ్వడం లేదు. గిన్నె పట్టుకున్నవాడు గిన్నెతోనే నిలబడిపోయాడు.

"ఎండింది" అన్నాడు చుల్తెమ్‌దోర్జ్, గొంతులోనే.

"అవ్వకు వినబడలేదు" అంది దులమా.

"ఎండిపోయింది! నేను చూశాను. సరేనా?"

దులమా జేబులోంచి క్రోషే కొక్కెం తీసింది. లూపులోకి పోనిచ్చి ముడిని ఒక్క లాగు లాగింది. గుండీ కూర్చుంది. కొత్త బట్ట కట్టినవాళ్లకు చెప్పాల్సిన దీవెన కూడా చెప్పింది. "హాయిగా కట్టుకోండి, చిరగకుండా మన్నాలి." మనస్ఫూర్తిగానే చెప్పింది. ఆ దీవెన బట్టకి.

అతను గిన్నె అందుకుని అమ్మ మీద పాట పాడాడు. మామూలుగా ఆ పాటకి ఏడవని మంగోలు ఉండడు. ఆ రోజు సగం మంది గొంతు కలపలేదు. ఆ అమ్మ తాగినవి ఏ బావి నీళ్లో అని దులమా ఆలోచిస్తూ కూర్చుంది.

విందు ముగిశాక ముంఖ్‌బత్ ఆమెను తలుపు దగ్గర ఆపాడు. "అతిథిని అవమానించావు. సంఘం పరువు తీశావు."

"బావిలోకి చూసొచ్చి అబద్ధం చెప్పినప్పుడు తీయలేదా పరువు? అప్పుడు నువ్వెక్కడున్నావు?"

"ఇది అమెరికా, అక్కడి గొడవలు ఇక్కడికెందుకు?"

"ఓటు మాత్రం ఇక్కడి నుంచే కావాలా?"

సంఘం పేజీలో పెట్టిన వీడియోలో గుండీ పెట్టిన ఘట్టమంతా కోసేశారు. అతుకు పెట్టిన చోటు కనబడుతూనే ఉంది. కుట్టుపని తెలియనివాళ్లు వేసిన అతుకు అలాగే ఉంటుంది. కానీ చక్రపాణి తీసినది, ఇంకా ఎందరో తీసినవి, తెల్లారేసరికి గోబీ దాకా వెళ్లిపోయాయి.

ఎన్నికల్లో చుల్తెమ్‌దోర్జ్ గెలిచాడు. వారం తర్వాత దంబా గొంతు వచ్చింది. "ఆఫీసువాళ్లు వచ్చారమ్మా. తాడు వదిలారు. పైకి లాగితే పొడిగా వచ్చింది. చేత్తో తడిమి చూసుకుని వెళ్లారు. గని మాత్రం ఇంకా తోడుతూనే ఉంది. ఇకమీదట నీళ్లున్నాయని మాత్రం అనలేరు."

తన ఊళ్లో బావి ఎండిందని ఒప్పించడానికి ప్రపంచం ఈ చివర ఓ మనిషి మెడ పట్టుకోవాల్సి వచ్చింది. అది తలుచుకున్నప్పుడల్లా దులమాకు గర్వం కన్నా ఒళ్లుమంటే ఎక్కువ.

సంబరం మర్నాడు గెర్ విప్పేటప్పుడు స్తంభం పక్క పెట్టె మీద నీలం దేల్ ఉండచుట్టుకుని పడి ఉంది. అతను తీసుకెళ్లలేదు. ముంఖ్‌బత్ దాన్ని చూడనట్టే పక్కనుంచి వెళ్లాడు. దులమా షాపుకి తెచ్చి దాచింది. దంబా మాటలు విన్నాక దాన్ని ఇస్త్రీ చేసి, కుట్లు విప్పడం మొదలుపెట్టింది.

"ఎవరికి?" అడిగింది వసుమతి.

"మా అన్నకి. నడుం తగ్గించాలి. చేతులు పొడిగించాలి."

వసుమతి బ్లౌజు కాజా కుడుతూనే తలెత్తకుండా అంది. "ఆ మెడ దగ్గర మాత్రం లూజ్‌గా పెట్టు ఎగ్చే. మీ అన్న ఎలాగూ నిజమే చెప్తాడుగా."

దులమా నోటి నిండా సూదులు. నవ్వడానికి వీల్లేక, చేత్తో నోరు మూసుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వింది.