బండెవరిదీ?

గొంతు కొందరికి ఆస్తి, కొందరికి జబ్బు. కండక్టరుకి రెండూను. ఇంట్లో ఆయన మంచినీళ్ళు అడిగితే పక్కింటివాళ్ళు తెచ్చిచ్చేవారని బావమరిది ఇప్పటికీ చెబుతుంటాడు. ఆ గొంతు ఊరికే రాలేదు. సిటీ బస్సులో వెనక తలుపు దగ్గర నిలబడి, ఇంజను మోతనీ, జనం గోలనీ, వానలో రేకుల చప్పుడునీ దాటించి, రెండే రెండు మాటలు డ్రైవరు చెవిన వెయ్యాలి. బండి కదలడానికి ‘రైట్ రైట్’, ఆగడానికి ‘హోల్డాన్’. ఒక బతుకంతా ఆ రెండు మాటల మధ్యే గడిచిపోయింది. రిటైరైన రోజున తోలుసంచీ డిపోలో అప్పజెప్పి వచ్చాడు గానీ, గొంతు ఎవరికి అప్పజెప్పాలో తెలియలేదు. అది ఆయనతోనే ఉండిపోయింది, పేరు బదులు కండక్టర్ అనే పిలుపు ఉండిపోయినట్టే.

నిజానికి గొంతుకి రెండో ఉద్యోగం చాలా ముందే దొరికింది. ఊరి ఫుట్‌బాల్ స్టేడియంలో తూర్పు స్టాండు అప్పట్లో చెక్కబల్లలు. కూర్చుంటే చీలికలు గుచ్చుకునేవి, నిలబడితే వెనకవాడు గుచ్చేవాడు. డ్యూటీ లేని రోజున కండక్టరూ, బావమరిదీ అక్కడ చేరేవారు. బావమరిదికి బజారులో కళ్ళజోళ్ళ షాపు. ‘ఊరందరికీ చూపిచ్చేవాణ్ణి, నా టీము గోలు కొట్టగా మాత్రం చూడలేకపోతున్నాను’ అని వాపోయేవాడు. అతని బాధలో తప్పులేదు. కప్పుకి మొహం వాచిపోయిన ఊరు అది. అలాంటి ఒక సాయంత్రం, జట్టు బంతిని వెనక్కీ వెనక్కీ ఆడుతూ ఆవలిస్తుంటే, కండక్టరుకి ఒళ్ళు మండి, తనకి తెలియకుండానే పొట్టలోంచి కేకేశాడు: “రైట్ రైట్!”

చుట్టుపక్కల వాళ్ళు ఘొల్లుమన్నారు. బంతి మాత్రం నిజంగానే ముందుకు కదిలింది, గోలైంది. ఇక ఆపైన ఆయన అననిదే స్టాండు నోరు విప్పేది కాదు. కొన్నాళ్ళకి ఆ కేకకి తోక మొలిచి పాటైంది. ఎక్కువగా ఏమీ లేదు అందులో, బస్సులో రోజూ అనే మాటలే:

ఎక్కండెక్కండి, చోటుంది లోపల
జరగండి జరగండి, గోలుంది ముందర
బండెవరిదీ?

ఆ చివరి ప్రశ్న కండక్టర్ ఒక్కడే వేసేవాడు. జవాబు స్టాండు మొత్తం చెప్పేది. మొదట్లో ‘మనదీ’ అనేవారు. పెద్దాయన వచ్చాక ‘పెద్దాయనదీ!’ అయింది.

పెద్దాయనంటే కొత్త మేనేజర్. ఎక్కడెక్కడో కప్పులు గెలిచి, పత్రికల్లో పేరు మోగిపోయిన మనిషి. ఇలాంటి చిన్న క్లబ్బుకి ఎందుకొచ్చాడో ఎవరికీ అంతుబట్టలేదు. కారు దిగుతూనే ఎండని తిట్టాడు, గడ్డిని తిట్టాడు, తన కోసం పూలు పట్టుకు నిలబడ్డ క్లబ్బు సెక్రటరీని “పనేం లేదా?” అని అడిగాడు. మొహం చూస్తే పొద్దున్నే ఆముదం తాగినట్టుండేది. ఆ సాయంత్రానికే ఊరు ఆయనకి ఆముదం అని పేరు పెట్టేసింది. అయితే ప్రేమగానే పెట్టింది. ఆముదం చేదే, పని చేస్తుంది కదా అని.

పని చేసింది కూడా. జట్టు గెలవడం మొదలుపెట్టింది. గెలిచేవాడి చిరాకులో ఒక అందం కనబడుతుంది మనుషులకి. కొన్ని ఊళ్ళు తిరిగి, కొన్ని జనసమూహాల్లో నలిగినవాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. రాజులైనా, వైద్యులైనా, పాటకచేరీల విద్వాంసులైనా అంతే. పని జరుగుతున్నంతకాలం వాళ్ళ కసురు మనకి గాంభీర్యంలా వినబడుతుంది. పని ఆగాకగానీ అది ఉత్త కసురేనని చెవికి తెలియదు. ఆయన విలేఖరులమీద కస్సుమంటే షాపుల్లో, డిపోలో, క్షౌరశాలల్లో అదే మాట చెప్పుకుని మురిసిపోయేవారు. “అడిగినవాడి మొహం మాడ్చేశాడ్రా!” అని.

ఆయన వచ్చిన మొదటి మ్యాచ్‌లోనే ఆ చెయ్యి సంగతి జరిగింది. తూర్పు స్టాండు పాట ఎత్తుకుని, ‘పెద్దాయనదీ’ అని గర్జించగానే, మైదానం గీత దగ్గర నిలబడ్డ మేనేజర్ ఇటు తిరిగి, అరచేయి చాచి, పైనుంచి కిందికి రెండుసార్లు ఊపాడు. స్టాండు క్షణం తెల్లబోయింది.

“ఏమంటున్నాడు బావా?” అన్నాడు బావమరిది.

కండక్టర్ మొహం వెలిగిపోయింది. “ఏమంటాడేమిట్రా? డ్రైవరు చెయ్యది. మనం వెనకనుంచి రైట్ అంటే, అద్దంలోంచి చూసి చెయ్యి ఊపుతాడు. విన్నానని.”

“నిజంగా?”

“ఇరవైమంది డ్రైవర్లతో పనిచేశాన్రా నేను. ఆ చెయ్యి నాకు తెలియదా?”

మాట వరసలు దాటుకుంటూ స్టాండంతా పాకింది. విన్నాడట. పెద్దాయన విన్నాడట. వెంటనే కొన్నివేల అరచేతులు లేచి, పైనుంచి కిందికి ఊగాయి. ఆ రోజునుంచి అది ఆ ఊరి నమస్కారమైపోయింది. బస్సు కిటికీల్లోంచి, కూరగాయల బండ్ల దగ్గర, ఆస్పత్రి వరండాల్లో, తెలిసినవాళ్ళు తెలిసినవాళ్ళకి అరచేయి ఊపుకునేవారు. విన్నాను, ఉన్నాను అని.

ఆ సంవత్సరాలు తలుచుకుంటే కండక్టరుకి ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది కప్పు కాదు, మ్యాచ్ అయ్యాక ఇంటికి నడవడం. బస్సులు జనంతో కదలవు గనక బావా బావమరుదులు నడిచేవారు. దారిపొడవునా ఆటంతా మళ్ళీ ఆడేవారు. వీధి మలుపు దగ్గర ఖాళీ డబ్బా కనబడితే బావమరిది తన్నేవాడు, కండక్టర్ ఆపేవాడు కాదు. ఇల్లు చేరేసరికి భార్య గుమ్మంలో నిలబడి, “ఓడారా గెలిచారా అని అడగక్కర్లేదులే. ఓడితే ఇద్దరూ చెరో పక్కనుంచి వస్తారు” అనేది.

కప్పు కూడా వచ్చింది. పైకప్పు లేని బస్సుమీద దాన్ని ఊరేగించారు. ఆ రోజైనా నవ్వుతాడేమోనని జనం మెడలు సాచి చూశారు. పెద్దాయన కప్పుని, బట్టలు తడిపిన ఎవరి పసిబిడ్డనో ఎత్తుకున్నట్టు, కాస్త దూరంగా పట్టుకుని నిలబడ్డాడు. దానికీ నవ్వుకున్నారు. అప్పుడు దేనికైనా నవ్వగలిగేవారు.

చేదు నాలుకకి తెలియడం ఎప్పుడు మొదలైందో ఎవరూ సరిగ్గా చెప్పలేరు. కండక్టర్ భార్య మాత్రం మఫ్లర్ దగ్గర మొదలైందంటుంది. చలిలో గీత పక్కన నిలబడే మనిషికని ఆవిడ క్లబ్బు రంగుల్లో ఉన్ని మఫ్లర్ అల్లింది. గేటు దగ్గర చేతికందించింది. ఆయన దాన్ని చూడనైనా చూడకుండా పక్కనున్న సెక్యూరిటీ గార్డుకిచ్చి లోపలికెళ్ళిపోయాడు. గార్డు పాపం భద్రంగా కట్టుకున్నాడు. ప్రతి చలికాలం గేటు దగ్గర అది కనబడేది. “చలేసేవాడికే చేరిందిలే” అంది ఆవిడ. మళ్ళీ ఆటకి రాలేదు.

తర్వాత ఒక్కోటీ. గెలిచిన రోజున ‘మీరు చప్పట్లు కొట్టిన పాసే ఇవాళ్టి తప్పు పాసు’ అన్నాడు. ఓడిన రోజున ‘ఈ ఊరికి ఇంతకంటే ఎక్కువ అనవసరం’ అన్నాడు. ఓడిన రోజులు ఎక్కువయ్యాయి. చిటపటలు అవే, వెనక గెలుపులే లేవు. అయినా కండక్టర్ ఒప్పుకునేవాడు కాదు. “మనిషి తీరంతే. మనమాట వింటాడుగా, చెయ్యి ఊపుతాడుగా” అనేవాడు.

ఆ మాట పట్టుకునే వేలాడుతుండగా, ఒక మధ్యాహ్నం కళ్ళజోళ్ళ షాపులో గోడమీది టీవీలో పెద్దాయన ఇంటర్వ్యూ వచ్చింది. షాపులో నలుగురైదుగురున్నారు. ఒకాయన పరీక్ష ఫ్రేము పెట్టుకుని, ఒక కంటికి మూత వేసుకుని కూర్చున్నాడు. టీవీలో అమ్మాయి నవ్వుతూ అడిగింది, తూర్పు స్టాండుతో మీకున్న ఆ పలకరింపు గురించి చెప్పండి అని.

“ఏ పలకరింపు?” అన్నాడు పెద్దాయన.

అమ్మాయి అరచేయి ఊపి చూపించింది.

“అదా. నోరు మూసుకోమని చెప్తున్నాను. వచ్చిన రోజునుంచీ చెప్తున్నాను. నా ఆటగాళ్ళకి నా మాట వినబడనివ్వరు. చెప్పినకొద్దీ వాళ్ళూ చెయ్యి ఊపుతారు. అంత బుర్రతక్కువ జనాన్ని నేనెక్కడా చూడలేదు.”

పరీక్ష ఫ్రేము ఆయన ఒంటికంటితోనే కండక్టర్ వైపు తిరిగాడు. బావమరిది చేతిలోని అద్దాన్ని తుడిచిందే తుడిచాడు.

“బావా, విన్నాడన్నావు.”

“విన్నాడుగా” అన్నాడు కండక్టర్. ఆ గొంతు అంత చిన్నగా రావడం ఆ షాపు అంతకుముందు వినలేదు.

ఊరు భగ్గుమంది. చెయ్యి ఊపుకోవడం తెల్లారేసరికి మాయమైంది. అలవాటుకొద్దీ ఎవరి చెయ్యైనా లేస్తే, జుట్టు సవరించుకున్నట్టు తలమీదికి పోయేది. స్టాండు పెద్దలందరూ కలిసి ఒక నిర్ణయానికొచ్చారు. సీజను ఆఖరి మ్యాచ్‌లో ఆయన్ని దింపెయ్యాలి. ఆ కబురు బావమరిదే మోసుకొచ్చాడు.

“నువ్వు ఎక్కువేం చెయ్యక్కర్లేదు బావా. లేచి ఒక్కసారి హోల్డాన్ అను. మిగతాది మేం చూసుకుంటాం. దిగు దిగు అని ఆట అయ్యేదాకా అరుస్తాం. మనల్ని వెర్రివాళ్ళని చేశాడు.”

“చేసింది ఆయన కాదురా. అర్థం చెప్పింది నేను.”

“అందుకే నువ్వే అనాలి. అనకపోతే ఇంక నీ పాట ఎవడూ పాడడు. నేనంటున్నమాట కాదిది, వాళ్ళన్నమాట.”

కండక్టరుకి పెద్దాయన ఉంటే ఎంత, పోతే ఎంత. కానీ ఆ పాట లేకపోతే తూర్పు స్టాండులో తాను టిక్కెట్టు కొనుక్కున్న ఒక ముసలాడు, అంతే. పాట ఉండాలంటే దాంతో ఒక మనిషిని గెంటాలి.

ఇంట్లో భార్య ముందు ఆ మాట తెచ్చాడు. ఆవిడ బట్టలు మడతపెడుతోంది.

“నాకేం తెలుసు ఆట సంగతి. సర్వీసులో ఎవర్నైనా తిట్టి దింపారా మీరు?”

“తాగి గొడవచేసినవాణ్ణి కూడా చెయ్యి పట్టుకునే దింపాను. మా సీనియర్ అలా నేర్పాడు. ఎక్కేవాళ్ళని అరిచి పిలవాలి, దిగేవాళ్ళ దగ్గర గొంతు తగ్గించాలి అనేవాడు.”

“మరింకేం” అంది ఆవిడ. ఇంకో చొక్కా మడతేస్తూ, “ఊరుకోమని నేననడంలేదు. మఫ్లర్ నాదీ పోయింది” అంది.

ఆఖరి మ్యాచ్ రోజున తూర్పు స్టాండు ముందే నిండిపోయింది. జట్టు బయటికొచ్చింది, వెనకాలే పెద్దాయన, అదే ఆముదం మొహంతో. స్టాండంతా కండక్టర్ వైపు తిరిగింది. ఆయన లేచాడు. బావమరిది ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు, ఆపడానికో, తొయ్యడానికో అతనికే తెలియదు.

“రైట్ రైట్!” అన్నాడు కండక్టర్.

హోల్డాన్ అంటాడనుకున్న జనం తికమకపడ్డారు. కానీ ఏళ్ళ అలవాటు, గొంతులు వాటంతటవే లేచాయి. ఎక్కండెక్కండి అని పాట గ్రౌండు దాటింది. చివరికొచ్చింది.

“బండెవరిదీ?”

వెంటనే కండక్టర్ జనంవైపు తిరిగి, అరచేయి చాచి, పైనుంచి కిందికి ఊపాడు. ఆ చేతికి ఇన్నాళ్ళూ తాను చెప్పిన అర్థంతో కాదు, పెద్దాయన చెప్పిన అర్థంతో.

స్టాండు టక్కున ఆగిపోయింది. వేలమంది నోళ్ళు తెరుచుకునే ఉన్నాయి, మాట లేదు. ఆ ఖాళీలో గీత దగ్గరనుంచి ఒక గొంతు వినబడింది. పెద్దాయన తన కుర్ర డిఫెండర్ని తిడుతున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన అరుపు స్టాండుదాకా వినబడటం అదే మొదలు. అది సింహంలా లేదు. బొంగురుపోయిన, రొప్పుతున్న, వయసుమళ్ళిన మనిషి గొంతు. సగంలో తన గొంతు తనకే వినబడి ఆయన ఆగిపోయాడు, తూర్పువైపు చూశాడు. కండక్టర్ చెయ్యి దించి, “రైట్ రైట్” అని పాటని మళ్ళీ మొదటికి తీసుకెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమంతా ఆ ప్రశ్న దగ్గర ఆగారు, కదిలారు. దిగు అన్నవాడు లేడు. అలా అందామని వచ్చినవాళ్ళు కూడా పాటే పాడారు. ఆట డ్రా అయింది.

సెలవుల్లో పెద్దాయన వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు మాటాడలేదన్నారు కొందరు, అలవాటుగా గేటుని తిట్టాడన్నారు ఇంకొందరు. కొత్త మేనేజర్ అందరితోనూ నవ్వుతూ మాట్లాడతాడు, ఓడిపోతూ ఉంటాడు. చెక్కబల్లలు పోయి ప్లాస్టిక్ కుర్చీలొచ్చాయి. నవ్వే మనిషిని చూస్తూ కూడా కండక్టర్ కొన్ని సాయంత్రాలు ఆ మాడుమొహాన్నే తలుచుకునేవాడు. తలుచుకున్నది ఆ మొహాన్ని కాదనీ, దాన్ని చూసి కూడా ముచ్చటపడగలిగిన రోజుల్ననీ ఆయనకి తెలుసు.

మొన్నీమధ్య బావమరిది కొత్త కోడలు ఆట చూస్తానని వాళ్ళతో వచ్చింది. పాట ఒక్కసారికే పట్టేసింది గానీ, ఆఖర్న, ఇప్పటికీ స్టాండు జవాబు చెప్పకుండా ఆగే ఆ ఖాళీలో, ఒక్కతే ‘మనదీ’ అని అరిచేసి నాలిక కరుచుకుంది.

“ఏంటి పెదనాన్నగారూ, బండెవరిదని అడిగి ఎవరూ జవాబు చెప్పరేం?”

బావమరిది నోరు తెరవబోయాడు. కండక్టర్ వద్దని సైగ చేశాడు.

“నువ్వన్నదే బావుందమ్మా” అన్నాడు. “మళ్ళీ అను. కాస్త గట్టిగా.”