రేణుకమ్మ బొటనవేలు

విమానం దాటిపోయి ఆకాశం సర్దుకున్నాక వినిపించే శబ్దం అది. ఇనుము రాతిని తాకి సన్నగా సాగుతుంది, తెగుతుంది, మళ్లీ మొదలవుతుంది. శంషాబాద్ కూరగాయల మార్కెట్ వెనక సందులోకి తిరిగితే ముందు నిప్పురవ్వలు, తర్వాత సానచక్రం, దాని వెనక రేణుకమ్మ.

అరవై రెండేళ్లు ఆమెకు. కాలితో తొక్కే ఆ చక్రం భర్త సోమయ్యది. ఆయన పోయి పద్నాలుగేళ్లు. ఒకప్పుడు ఇద్దరూ కందుకూరు దాకా ఊళ్లు తిరిగి కొడవళ్లకు పదును పెట్టేవారు. పొలాల్లో నంబర్లు రాసిన ప్లాట్ల రాళ్లు మొలిచాక కొడవళ్లు తగ్గాయి. చికెన్ షాపుల కత్తులు, హోటళ్ల కత్తులు, దర్జీల కత్తెరలు వచ్చాయి.

పదును పెట్టాక ఆమె బొటనవేలిని అంచుకు అడ్డంగా, ఈక తగిలినంత తేలికగా లాగేది. పొడవునా లాగితే వేలు తెగుతుంది. అడ్డంగా లాగితే ఇనుము ఎక్కడ ఆగి గాలి ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది. “అయింది” అని కత్తిని పక్కనున్న రాయి మీద పెట్టేది. చేతికివ్వదు, కత్తి చేతికిస్తే తగవు పుడుతుందని నమ్మకం. ఆ మాట తర్వాత ఎవరూ కోసి చూసేవారు కాదు. ఆమె ముందు కోసి చూడటమంటే ఆమెను అబద్ధాలకోరు అన్నట్టే. రాయి మీది నుంచి తీసుకుని వెళ్లిపోవడం అక్కడి మర్యాద.

కిందటి ఎండాకాలం నుంచి ఆ వేలికి ఏమీ తెలియడం లేదు. దవాఖానలో షుగర్ అన్నారు, నరాలు మొద్దుబారాయన్నారు. ఆమె ఎవరికీ చెప్పలేదు. రోడ్డు మీద కరెంటు చక్రాలు రెండు వచ్చాయి. వాటిని కాదని జనం సందులోకి వచ్చేది ఈ వేలి కోసమే. అందుకని ఎప్పటిలాగే లాగేది, ఎప్పటిలాగే “అయింది” అనేది. చాలా వరకు చేతి అలవాటు కాపాడింది.

శ్రావణంలో సుమలత కత్తెర తెచ్చింది. రెండు వీధుల అవతల మిషన్ కుడుతుంది ఆమె. పాత పట్టుచీరల అంచులు తీసి కొత్త లంగాలకు వేయడంలో పేరుంది. మర్నాడు పొద్దున మళ్లీ వచ్చి కత్తెరను రాయి మీద పెట్టింది. పక్కన ఒక జరీ అంచు ముక్క. తెగలేదు, నమిలినట్టు పీచుపీచుగా లేచింది. చనిపోయిన తల్లి చీరతో కూతురికి లంగా కుట్టిస్తున్న ఒకామెది ఆ అంచు.

“వేలు పెట్టి సూసినవా అత్తా?”

“సూసిన.”

“సూస్తే గిట్లెందుకయితది?”

గుడ్డ పాతదేమో అంది రేణుకమ్మ, చెమ్మగిల్లిందేమో అంది. సుమలత వాదించలేదు. జాకెట్టుకు గుచ్చుకున్న గుండుసూది తీసి, ఆమె చెయ్యి పట్టుకుని బొటనవేలి మీద నొక్కింది. ఏం చేస్తుందోనని రేణుకమ్మ ఆ పిల్ల ముఖంలోకే చూస్తోంది. అప్పటికే రక్తపు చుక్క బయటికి వచ్చింది.

“ఎన్నాళ్ల సంది?”

“ఎండకాలం సంది.”

“మరి నాకన్న చెప్పొద్దా? నా గుడ్డనే దొరికిందా నీకు?”

“చెప్తే నువ్వొస్తువా?”

సుమలత కొంగుతో ఆ రక్తపు చుక్క తుడిచింది.

రెండు రోజులకు చక్రం పక్కన గుడ్డ పీలికల మూట ఒకటి వెలిసింది. కుట్టగా మిగిలినవి, సుమలతే పంపింది. అప్పటి నుంచి వచ్చినవాళ్లను కోసి చూసుకోమంటుంది రేణుకమ్మ. మొదట వాళ్లే ఇబ్బంది పడ్డారు. పరీక్ష నాకా నీకా అని చికెన్ షాపు శేఖర్ ఎగతాళి చేశాడు. అయినా పీలిక కోసి, కొస దగ్గర మొండిగా ఉందని మళ్లీ తొక్కించాడు. రాజేంద్రనగర్ హోటల్ వంటమనిషి మాత్రం కోసి చూసుకోమనగానే, కత్తుల సంచి విప్పకుండానే కరెంటు చక్రం వైపు వెళ్లిపోయాడు. పదకొండేళ్లు వచ్చినవాడు, మళ్లీ రాలేదు. ఈ సంగతి నాకు చెప్పేటప్పుడు ఆమె గొంతేమీ మారలేదు.

నేను తీసుకెళ్లిన మా ఇంటి కత్తిపీటకు చాలాసేపు పదును పెట్టింది. బొటనవేలు అలవాటుగా అంచు దాకా వెళ్లి ఆగింది. కత్తిపీటను రాయి మీద పెట్టి, ఆకుపచ్చ పీలిక ఒకటి నా వైపు జరిపింది.

“కోసి సూడు బిడ్డా. తెగకపోతే మొకమాటపడకు, చెప్పు. ఇంకోసారి తొక్కుత.”