మా నాయన మూయని గుర్తు

శుక్రవారం సాయంత్రంలోగా మా అక్క థీసిస్ యూనివర్సిటీలో ఇయ్యకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. ఏడేండ్లు చెనిక్కాయ చేలల్లో తెగుళ్లు చూసుకుంటా ఎండలో తిరిగిన మనిషి. ఆ కష్టం గంగలో కలవకుండా చూసే బాధ్యత నా నెత్తిన పడింది. పడిందేంది, నేనే తెచ్చి పెట్టుకున్నాను. ఎనభైలు ముగుస్తా ఉన్న కాలం. తిరుపతిలో ఒక కంప్యూటర్ సెంటర్లో కొత్తగా చేరి, చెప్పులు బయట విడిచి ఏసీ గదిలోకి పోయే నలుగురిలో నేనూ ఒకతినని తెగ ఎగిరిపడతా ఉండేదాన్ని.

"నాయన కంప్యూటర్లో కొడతాడక్కా. శీర్షిక యాడ, పేరా యాడ అని చిన్న గుర్తులు పెడితే చాలు. నా ప్రోగ్రాం అది చదివి, ప్రింటరుకు కావాల్సినట్టు మార్చేస్తాది," అని గొప్పగా మాటిచ్చినాను.

మా నాయన చిత్తూరు కోర్టు ముందర రేకుల పంచలో ముప్పై ఏండ్లు అర్జీలు కొట్టిన టైపిస్టు. మా సెంటర్లో కంప్యూటర్ ముందు కూర్చోగానే కార్బను పేపరు యాడ దూర్చాలని అడిగినాడు. అయినా చేతివేగం ఏం తగ్గలా. వారంలో ఏడు అధ్యాయాలూ కొట్టి పారేసినాడు.

నా ప్రోగ్రాంకు ఒక వ్యాకరణం రాసి పెట్టినాను. అధ్యాయమంటే తెరిచే గుర్తు, శీర్షిక, పేరాలు, చివర మూసే గుర్తు. ఈ వరస కుదరకపోతే అనుబంధమేమో అని మొదటి నుంచి చదువు. అదీ కాకపోతే పట్టికేమో అని మళ్లీ మొదటి నుంచి చదువు. లోపల పేరా పేరాకూ ఇదే పద్ధతి. రాసినప్పుడు నా తెలివికి నాకే ముచ్చటేసింది.

మంగళవారం ప్రోగ్రాంకు మొదటి అధ్యాయం ఇచ్చినాను. పొద్దున తొమ్మిదికి మొదలుపెడితే మధ్యాన్నం కరెంటు పోయేదాకా చదవతానే ఉండాది. బుధవారమూ అదే కత. ఏసీ గది బయట చెప్పుల పక్కన అక్క కూర్చోని, "చేత్తో రాసుకోనుంటే ఈపాటికి అయిపోయేది గదే," అనింది. నవ్వతానే అనింది గానీ కండ్లల్లో నీళ్లు తిరిగినాయి.

గురువారం పొద్దున ఫైళ్లు తెరిచి చూస్తే, ఓరి దేవుడా, ఒక్క అధ్యాయం చివర కూడా మూసే గుర్తు లేదు! తాళంచెవి పారేసుకున్న మనిషి మాదిరి నా ప్రోగ్రాం ఆఖరిదాకా పోయి, కనపడక, మళ్లీ గడప కాడి నుంచి వెతకతా ఉండాది.

"చివర మూయమని చెప్తి గదా నాయనా!"

"చెప్తివిలే. నేనే మూయలా," అన్నాడు తాపీగా. "పొద్దుగూకేటప్పుడు టైపు మిషన్లో కాగితం సగంలో వదిలి లేస్తాను నేను. పూర్తిగా ముగించేస్తే రేపు పనెట్లొస్తాదమ్మా?"

"మిషన్ అటకెక్కి రెండేండ్లాయ. నీకింకా రేపు యాడి పని నాయనా?" అనేసినాను.

ఆయన కుర్చీ లాక్కోని మొదటి ఫైలు తెరిచి, చివరిదాకా పోయి, మీట మీద వేలు పెట్టి అట్లే ఉండిపోయినాడు. ఆ వేలు ఆగడం నేనెప్పుడూ చూడలా. నా నోట్లో మన్ను బడ, ఎందుకన్నానా ఆ మాట అని ఏడుపొచ్చింది.

"లెయ్ నాయనా, నేను చూసుకుంటా," అని ఆయన్ని టీకి పంపి, వ్యాకరణాన్నే మార్చినాను. ఫైలు అయిపోతే మూసినట్టే అనుకో. ఒకసారి చదివిన పేరా గుర్తుపెట్టుకో, మళ్లీ చదవొద్దు. ఆయన టీ తాగి, పేపరంతా చదివి వచ్చేలోపల ఏడు అధ్యాయాలూ మారి కూర్చున్నాయి. అక్క పరిగెత్తుకోనొచ్చి ప్రింటరు పక్కన నిలబడింది.

"ఉండండి," అని నాయన ఏడో అధ్యాయం తెరిచి, చివర మూసే గుర్తు తనే కొట్టినాడు.

"ఇప్పుడది లేకపోయినా నడస్తాది నాయనా," అన్నాను.

"నా పనికైతే వద్దు. ఇది బిడ్డ పని, పూర్తి కావాల."

శుక్రవారం మధ్యాన్నానికే అక్క థీసిస్ ఇచ్చేసొచ్చింది. ఆ సాయంత్రం నాయన అటక మీది మిషన్ దించి, దుమ్ము తుడిచి, కాగితం ఎక్కించి, సగం వాక్యం కొట్టి లేచినాడు. ఆ కాగితాన్ని మేమెవరమూ తీయలా.