గడ్డిలో మాగిన జాజ్ ప్లేటు

నిన్న హోసూరులో ఒకాయన తన జాజ్ రికార్డులన్నీ అద్దాల బీరువాలో చూపించి, "తాకొద్దండీ" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నలుగురూ వినకపోతే అది సంగీతమా, ఆస్తా?

మా ఈడువాళ్లారా, మామిడికాయల పెట్టె విప్పగానే గుప్పుమనే వరిగడ్డి వాసన గుర్తుందా? మా నాన్నా, కృష్ణగిరి మామిడి మండీలో ఉండే మునిరత్నం మామా తమకు నచ్చిన జాజ్ ప్లేట్లను ఆ పెట్టెల్లో గడ్డి మధ్యే భద్రంగా పెట్టి, బస్సులో ఒకరికొకరు పంపుకునేవారు. ఒకసారి మామ తను ప్రాణంగా చూసుకునే ప్లేటు పంపితే, అది మా ఇంటికి చేరినట్టే లేదు. బస్సులోనే పోయిందని నాన్నకు ముద్ద దిగలేదు. చివరికి మామే వచ్చేశాడు.

"యాడ పోయిందప్పా నా ప్లేటు?"

అమ్మ నాలుక కరుచుకుంది. "అయ్యో, ఆ పెట్టెనా? కాయలనుకోని మంచం కింద మాగబెట్టినానన్నా!"

"మాగిందేమో చూడమ్మా, కోసుకోని తిందాం!" అన్నాడు మామ.

నాన్నా, మామా పగలబడి నవ్వారు. అన్నాళ్లూ వంటింట్లోంచే విన్న అమ్మను ఆ రోజు ఎదురుగా కూర్చోబెట్టి ప్లేటు వేశారు. ఆమె కదలకుండా చివరిదాకా వింది.

"ఆయప్ప ఎవరో గాని, బాకాతోనే మాట్లాడతా ఉండాడే! ఇంగోసారి పెట్టండి."

మామ లేచి చెప్పులేసుకున్నాడు. "ప్లేటు ఈడే ఉండనీప్పా. చెల్లెమ్మకు తనివి తీరలే" అంటూ ఉత్త చేతులతో కృష్ణగిరి బస్సెక్కాడు.